ఏడు చూపించింది కదా అని నమ్మేశా

సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి నాన్న ఫోన్ చేశాడు. మామూలుగా ఆ టైమ్‌కి పడుకుంటాడు. "ఏరా, తిన్నావా?" అని అడిగి, కాసేపు ఆగి, "నువ్వు బాగుచేసిన మీటరు అందరి చెరువులూ బాగున్నాయంటోందిరా" అన్నాడు.

"మంచిదే కదా నాన్నా!"

"అందరి చెరువులూ ఒకేసారి బాగుండవురా."

ఈ వారం కథ ఆ ఒక్క మాట గురించే. ఒక పాత మీటరు, దానికి దొరకని ఒక సాకెట్, రెండు గంటల్లో నేను చేసిన ఘనకార్యం, దాన్ని ఒక నిమ్మకాయతో పట్టేసిన మా నాన్న.

భీమవరం దగ్గర మా ఊరు. చుట్టూ రొయ్యల చెరువులే. నాన్న కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాడు. పాఠం చెప్పకపోయినా ఊళ్లో అందరికీ 'మాస్టారే'. కాలేజీ వాళ్లు పాత సామాను వేలం వేసినప్పుడు ఒక పీహెచ్ మీటరు కొనుక్కొచ్చాడు. టిఫిన్ క్యారేజీ అంత బరువు. ఎర్రటి అంకెల డిస్‌ప్లే, ముందు మూడు నాబ్‌లు. చేసిన కంపెనీ ఇప్పుడు లేదు. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం మా అరుగు మీద వాటర్ బాటిళ్లు వరసగా ఉంటాయి. ఒక్కో దానిలో ఒక్కో చెరువు నీళ్లు. నాన్న కొలుస్తాడు, లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తాడు, చెబుతాడు. పైసా తీసుకోడు. ఎవరైనా పండగకి ఓ కేజీ రొయ్యలు పంపితే అమ్మ కాదనదు, అది వేరే సంగతి.

"ఇంత పాతది ఎందుకు నాన్నా, పెన్నులా ఉండే మీటర్లు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి కదా" అని నేనూ అన్నాను. ఒకటి కొనిచ్చాను కూడా. వాడుతున్నాడు, కానీ రెండో అభిప్రాయం కోసమే. ఆ నోట్‌బుక్కులన్నీ పెద్ద మీటరుతో రాసినవి. నిరుడు ఇదే నెలలో ఇదే చెరువు ఎంత ఉందో చూసి, ఈ ఏటి అంకెతో పోల్చి మాట్లాడటం ఆయన పద్ధతి. ఇంకో కారణం ఆయన చెప్పడు, నాకు తెలుసు. ఆ మీటరు లేకపోతే అరుగు మీద బాటిళ్లు ఉండవు. బాటిళ్లు లేకపోతే మనుషులూ రారు.

అసలు గొడవ ఎక్కడ వచ్చిందంటే

పీహెచ్ మీటరులో రెండు భాగాలు. ఒకటి పెట్టె. రెండోది నీళ్లలో ముంచే గాజు కడ్డీ, అంటే ఎలక్ట్రోడ్. పెట్టె ఏళ్ల తరబడి ఉంటుంది. ఎలక్ట్రోడ్ మాత్రం బ్యాటరీ లాంటిది, ఏడాదో రెండేళ్లో వాడాక మార్చాల్సిందే. ఇప్పుడొచ్చే ఎలక్ట్రోడ్‌లు చాలావాటికి బీఎన్‌సీ అనే ప్లగ్ ఉంటుంది. సీసీ కెమెరా వైరు చివర నొక్కి తిప్పితే లాక్ అవుతుందే, అదే. నాన్న మీటరుకి ఉన్న సాకెట్ మాత్రం ఇప్పుడు ఏ షాపులోనూ లేని రకం. అందుకే ఆయన ఎలక్ట్రోడ్ మార్చిన ప్రతిసారీ పాత ప్లగ్‌ని జాగ్రత్తగా విప్పి కొత్తదానికి తగిలించేవాడు. ఈసారి విప్పుతుంటే లోపలి ప్లాస్టిక్ పొడి పొడిగా రాలిపోయింది.

ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. రాత్రి ట్రైన్. "ఇదెంత పని నాన్నా, సాకెట్టే మార్చేద్దాం" అన్నాను. ఇంజినీరింగ్ చదివిన కొడుకు అలా అంటే ఏ తండ్రి కాదంటాడు?

టౌన్‌లో టీవీలు బాగుచేసే షాపు ఒక్కటే తెరిచి ఉంది. డ్రాయర్లో ఏవీ జాక్‌లు ఉన్నాయి. పాత డీవీడీ ప్లేయర్ల వెనక ఎరుపు, తెలుపు, పసుపు రంగుల్లో ఉండేవి గుర్తున్నాయా, అవే. అందులోనూ మధ్యలో ఒక పిన్ను, చుట్టూ ఒక రింగు. మనక్కావాల్సిందీ రెండు కనెక్షన్లే. పాత సాకెట్ పీకేశాను. ఆ కంతకి ఒక హైలం షీటు ముక్క కోసి, జాక్ బిగించాను. కొత్త ఎలక్ట్రోడ్‌కి ఉన్న బీఎన్‌సీ కోసేసి ఏవీ ప్లగ్ సోల్డర్ చేశాను.

పెట్టె తెరిచినప్పుడు ఇంకో విషయం చూశాను. సాకెట్ నుంచి లోపలి బోర్డుకి వెళ్లే వైరు ఎక్కడా ఆనకుండా గాల్లో వేలాడుతోంది. ఎవరో పని సగంలో వదిలేశారనుకుని, దాన్ని బోర్డుకి ఆనించి, టేపు వేసి, నీట్‌గా సర్దాను.

మల్టీమీటరు పెట్టి చూశాను. మధ్య పిన్నుకీ బయటి రింగుకీ మధ్య ఎక్కడా కలవలేదనే చూపించింది. పీహెచ్ 7 బఫర్ నీళ్లలో ముంచాను. బఫర్ అంటే పీహెచ్ ఇంత అని ముందే తెలిసిన ద్రావణం, మీటరుకి పరీక్ష పేపరు లాంటిది. నాబ్ కొంచెం తిప్పగానే 7.00 వచ్చి నిలబడింది.

"నాలుగు, తొమ్మిది పాయింట్ రెండు బిళ్లలు కూడా ఉన్నాయిరా. కలిపి చూద్దామా?" అన్నాడు నాన్న.

"ఏడు కరెక్టుగా వచ్చాక ఇంకెందుకు నాన్నా? ట్రైన్ టైమ్ అయిపోతోంది" అన్నాను.

నేను కోడ్ రాసి బతికేవాణ్ని. ఒక్క టెస్ట్ పాసైందని రిలీజ్ చేసేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఆదివారం నేను చేసింది అచ్చంగా అదే.

నిమ్మకాయ పరీక్ష

చెరువు నీళ్ల పీహెచ్ రోజంతా ఒకేలా ఉండదు. పగలు ఎండకి నీళ్లలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది. రాత్రంతా రొయ్యలూ నాచూ అన్నీ ఊపిరి వదులుతాయి కాబట్టి తెల్లారేసరికి తగ్గుతుంది. రొయ్యలకి 7.5 నుంచి 8.5 మధ్య బాగుంటుంది. నీళ్లు బాగా పచ్చబడిన చెరువులో మధ్యాహ్నం 9 కూడా దాటొచ్చు.

సోమవారం మధ్యాహ్నం అయిదు బాటిళ్లు వచ్చాయట. అయిదూ 7.6 నుంచి 8.0 లోపే. అందులో మా మావయ్య వరసయ్యే ఆయన చెరువు ఒకటి. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. వారం కిందట మధ్యాహ్నం 8.8 ఉన్న చెరువది. ఇప్పుడు 8.0. నాన్న చెప్పాడు, ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు.

సాయంత్రం నాన్న నోట్‌బుక్ తిరగేశాడు. వర్షం పడలేదు. ఎవరూ నీళ్లు మార్చలేదు. అయినా అన్ని చెరువులూ ఏడు వైపుకి జరిగాయి. వంటింట్లోకి వెళ్లి ఓ నిమ్మకాయ కోసి, రసం గ్లాసులో పిండి, ఎలక్ట్రోడ్ ముంచాడు. నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర మధ్య ఉండాలి. మీటరు 4.6 చూపించింది.

అప్పుడే మావయ్యకి ఫోన్ చేశాడు. ఆయన ఎనిమిదే కదా అని సున్నం బస్తాలు గట్టు మీద దింపించేశాడు. పొద్దున్నే చల్లాలని. నిజంగా పీహెచ్ తొమ్మిది దగ్గరున్న చెరువులో ఘాటు సున్నం పడితే అది ఇంకా పైకి పోతుంది. పీహెచ్ పెరిగితే అసలు ప్రమాదం అమ్మోనియాతో. నీళ్లలో ఉన్న అమ్మోనియా అంతా విషం కాదు. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 8 ఉంటే అందులో సుమారు ఏడు శాతం విషంగా ఉండే రూపంలో ఉంటుంది. అదే 9 అయితే నలభై శాతం దాటుతుంది. అమ్మోనియా అంతే, మేత అంతే, మారింది ఒక్క అంకె.

"ఆయ్, మాస్టారండీ, మీరే కదండీ ఎనిమిదన్నారు?" అన్నాడట మావయ్య.

"నేనే అన్నాను. తప్పు చెప్పాను. సున్నం ముట్టుకోకు, పొద్దున్నే టౌన్‌లో ల్యాబ్‌కి తీసుకెళ్లి చూపించు" అన్నాడట నాన్న. అంతటితో ఊరుకోలేదు. స్కూటర్ వేసుకుని మిగతా నలుగురి ఇళ్లకీ వెళ్లి అదే మాట చెప్పొచ్చాడు. ఆ తర్వాతే నాకు ఫోన్ చేశాడు. "మా అబ్బాయి బాగుచేశాడు" అని మాత్రం ఎవరికీ చెప్పలేదట. తిట్టినా ఇంకొంచెం తేలిగ్గా ఉండేది నాకు.

ఏడు ఎందుకు మోసం చేసింది?

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఇది తెలిస్తే చిన్న విషయమే, తెలియకపోతే చెరువు పోతుంది.

ఎలక్ట్రోడ్ పుట్టించేది చాలా చిన్న వోల్టేజీ. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కి సుమారు 59 మిల్లీవోల్టులు. లెక్క మొదలయ్యేది ఏడు దగ్గర. పీహెచ్ 7 అంటే సున్నా మిల్లీవోల్టులు. 4 అంటే ప్లస్ 177. 9.2 అంటే మైనస్ 130.

ఇప్పుడు నా జాక్‌లో లీకేజీ ఉంది అనుకోండి. వోల్టేజీలో సగం దారిలోనే కారిపోతోంది. 177లో సగం 88, అంటే మీటరు 4కి బదులు 5.5 చూపిస్తుంది. పీహెచ్ 9 ఉన్న చెరువుని 8 అంటుంది. 2.2 ఉన్న నిమ్మరసాన్ని 4.6 అంటుంది. మరి 7? సున్నాలో సగం ఎంత? సున్నాయే. కాబట్టి ఏడు ఎప్పుడూ ఏడే. లీకేజీ ఎంతున్నా, చివరికి రెండు వైర్లూ కలిసిపోయి షార్ట్ అయినా సరే, మీటరు ఏడు దగ్గరే నిలబడుతుంది. నేను పరీక్ష పెట్టింది తప్పు బయటపడే అవకాశం లేని ఒకే ఒక్క చోట.

మరి మల్టీమీటరు లీకేజీ లేదంది కదా? అదీ నా అజ్ఞానమే. ఎలక్ట్రోడ్ చివర ఉండే గాజు బుడగే కరెంటుకి దారి. దాని రెసిస్టెన్స్ వంద మెగా ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. అంత బలహీనమైన సిగ్నల్‌ని సగం చేయడానికి ఇంకో వంద మెగా ఓమ్‌ల లీకేజీ చాలు. నా మల్టీమీటరు 20 మెగా ఓమ్‌లు దాటితే 'ఏమీ లేదు' అనేస్తుంది. పాటకీ సినిమాకీ ఆ జాక్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇక్కడ మాత్రం ఆగస్టు నెల తేమ, జాక్‌లోని గోధుమరంగు అట్ట, సోల్డరింగ్ పేస్టు మరక, ఆఖరికి నా వేలి జిడ్డు కూడా లెక్కలోకి వస్తాయి.

అంటే ఆ వైరుని గాల్లో వేలాడదీసింది పని చేతకాని వాడు కాదు. బోర్డుకి ఆనితే అక్కడా కరెంటు కారుతుందని తెలిసినవాడు. నేను 'నీట్‌గా' సర్దింది ఆయన తెలివిని.

మీకో చిన్న ముచ్చట. పీహెచ్ అనే కొలతని 1909లో సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త తెచ్చాడు. ఆయన పనిచేసింది కోపెన్‌హాగెన్‌లో ఒక బీరు కంపెనీ నడిపిన ల్యాబ్‌లో. గాజు ఎలక్ట్రోడ్ ఉన్నా దాని సిగ్నల్ మరీ బలహీనం కావడంతో కొలవడం కష్టంగా ఉండేది. 1934లో కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ అనే ప్రొఫెసర్ దానికి వాక్యూమ్ ట్యూబుల ఆంప్లిఫయర్ జోడించి మీటరు తయారుచేశాడు. ఎవరి కోసమో తెలుసా? నిమ్మజాతి పండ్ల రైతుల సంఘంలో పనిచేసే తన పాత స్నేహితుడి కోసం. కొలవాల్సింది నిమ్మరసం పులుపు. ఈ సంగతి చెబితే నాన్న నవ్వి, "మరి మొదట నిమ్మకాయతోనే చూడాల్సిందిరా" అన్నాడు.

రెండోసారి, తొందర లేకుండా

శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. బీఎన్‌సీ సాకెట్లు చాలానే ఉన్నాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. తేడా మధ్య పిన్ను చుట్టూ ఉన్న పదార్థంలో. పాల తెలుపులో, గోటితో నొక్కితే కాస్త జారుడుగా అనిపించే టెఫ్లాన్ ఉన్నదే కావాలి. తేమని పీల్చుకోదు, లీకేజీ చాలా తక్కువ. 50 ఓమ్‌లదా, 75 ఓమ్‌లదా అన్న గొడవ మన పనికి లేదు, అది రేడియో, వీడియో సిగ్నళ్లకి. ఒక సాకెట్, ఒక ప్లగ్ తీసుకున్నాను. ఎలక్ట్రోడ్ వైరు చూపించగానే కౌంటర్ వెనకున్న పెద్దాయన, "ఈ నల్ల పొర ఒలిచావా బాబూ?" అని అడిగారు.

ఒలవలేదు. నల్ల పొర కూడా ప్లాస్టిక్కే అనుకున్నాను. పీహెచ్ వైరులో మధ్య తీగ చుట్టూ తెల్లటి ఇన్సులేషన్, దాని మీద సన్నని నల్ల పొర, దాని మీద జాలీ ఉంటాయి. వైరు కదిలినప్పుడు అంకెలు ఊగకుండా ఆ నల్ల పొర వేస్తారు. దానిలోంచి కొద్దిగా కరెంటు పోతుంది. అది మధ్య తీగకి తగిలితే జాలీకీ తీగకీ మధ్య దారి పడ్డట్టే. నా ఏవీ ప్లగ్‌లో అది సరిగ్గా తీగని ఆనుకుని ఉంది.

శనివారం పొద్దున అరుగు మీద కూర్చున్నాం. ఏవీ జాక్, హైలం ముక్క తీసేశాం. కంతకి యాక్రిలిక్ ముక్క కోసి బీఎన్‌సీ సాకెట్ బిగించాం. బయటి రింగు వైపు లీకేజీతో పెద్ద ఇబ్బంది లేదు, జాగ్రత్తంతా మధ్య పిన్నుకే. లోపలి వైరు టేపు పీకి మళ్లీ గాల్లో వదిలేశాం. ఎలక్ట్రోడ్ వైరుకి నల్ల పొరని సెంటీమీటరు మేర వెనక్కి ఒలిచాం. సోల్డర్ చేశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ తుడిచాం. ఆ తర్వాత వేలు తగలనివ్వలేదు.

ఈసారి నాన్న ముందే మూడు బిళ్లలూ మూడు గ్లాసుల్లో కలిపి పెట్టాడు. ఏడులో 7.00. నాలుగులో ముంచి స్లోప్ నాబ్ కొద్దిగా తిప్పితే 4.00. ఏ నాబూ ముట్టుకోకుండా మూడో దానిలో 9.18. నేను లేచి చేతులు దులుపుకున్నాను.

"కూర్చోరా, ఇంకా అవ్వలేదు" అన్నాడు నాన్న. మీటరుని రాత్రంతా అరుగు మీదే ఉంచాడు. ఆదివారం తెల్లవారుజామున, గాలి తడిగా ఉన్నప్పుడు, మళ్లీ మూడింటిలోనూ ముంచాడు. 7.01, 4.02, 9.17. అప్పుడు ఒప్పుకున్నాడు. అమ్మ హ్యాండ్‌బ్యాగ్ కొన్నప్పుడు వచ్చిన సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టెలో పడేశాడు.

మధ్యాహ్నం మావయ్య బాటిల్ పట్టుకొచ్చాడు. 8.9. మంగళవారం ల్యాబ్ వాళ్లు చెప్పిందీ ఇంచుమించు అంతేనట. సున్నం బస్తాలు విప్పకుండా షెడ్‌లో పెట్టాడు. ఆయన చెరువు ఇప్పుడు బాగానే ఉంది, అది ఆయన జాగ్రత్త.

ఆ నోట్‌బుక్ తీసి చూశాను. సోమవారం పేజీలో అయిదు అంకెల మీద ఎర్రగీత ఉంది. చింపలేదు, దిద్దలేదు. పక్కన నాన్న రాత: 'సాకెట్ లోపం. నమ్మవద్దు.' దాని కింద ఆ సాయంత్రం ఎవరెవరికి చెప్పాడో, ఎన్నింటికి చెప్పాడో. మా ఆఫీసులో ఏదైనా పెద్ద తప్పు జరిగితే ఇలాంటిదే పది పేజీల రిపోర్ట్ రాస్తాం. అందులో ఎక్కడా "నేనే అన్నాను, తప్పు చెప్పాను" అనే వాక్యం ఉండదు.

మీ ఇంట్లో పాత మీటరుందో, కొత్త పెన్ను మీటరుందో నాకు తెలీదు. ఏదైనా సరే, రెండు బఫర్లలో చూడండి, అందులో ఒకటి ఏడుకి దూరంగా ఉండాలి. ఆన్‌లైన్‌లో కొన్న మీటరుకీ ఇదే రూలు. బిళ్లలు లేకపోతే వంటింట్లో నిమ్మకాయ ఉంటుంది. అది కచ్చితమైన అంకె చెప్పదు గానీ, అబద్ధాన్ని మాత్రం పట్టేస్తుంది.

ఆదివారం రాత్రి ట్రైన్ ఎక్కుతుంటే నాన్న ఒక కవర్ ఇచ్చాడు. విప్పి చూస్తే నా ఏవీ జాక్, హైలం ముక్కతో సహా. "పారేయకుండా ఉంచుకో, టేబుల్ మీద పెట్టుకో" అన్నాడు. ఇప్పుడది నా మానిటర్ కింద ఉంది. అది చూసినవాళ్లు ఇదేంటని అడుగుతారు. టెస్ట్ పాసైన జాక్ అని చెబుతాను.